కనబడని దెయ్యమా, పూనిన దెయ్యమా, రబ్బరు దెయ్యమా? చిన్న బడ్జెట్ హారర్‌కి ఏది పనికొస్తుంది

హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్‌లో ఏ చాయ్ బండి దగ్గర నిలబడినా ఒక హారర్ కథ చెవిన పడుతుంది. ఊరి చివర బంగ్లా, ఐదుగురు ఫ్రెండ్స్, ఒక పిశాచం, క్లైమాక్స్‌లో ఇరవై నిమిషాల పోరాటం. కథలో తప్పేం ఉండదు. లెక్కలోనే వస్తుంది తేడా. స్క్రిప్టంతా రాసేసి, షూటింగ్ ఇంకో పది రోజులుందనగా "ఇంతకీ దెయ్యం ఎట్లుంటది?" అని అడుగుతారు. మేకప్ మనిషి ఒక రేటు చెప్తాడు, గ్రాఫిక్స్ కుర్రాడు ఇంకో రేటు చెప్తాడు, రెండూ కుదరక చివరికి బేగంబజార్‌లో ఒక మాస్కు కొని తొడిగిస్తారు. హాల్లో జనం నవ్వేది సరిగ్గా అక్కడే.

కాబట్టి దెయ్యం ఆకారం ముందు తేల్చుకోండి, కథ దాని కొలతకి కుట్టుకోండి. చిన్న బడ్జెట్‌కి దారులు నాలుగు: అసలు చూపించకపోవడం, మనిషికి పూనించడం, మాస్కో ప్రోస్థటిక్సో (ముఖం మీద అతికించే నకిలీ చర్మం) వేయడం, గ్రాఫిక్స్‌కి వదిలేయడం. నాలుగూ కలిపి వాడొచ్చు, వాడాలి కూడా. అయితే క్లోజప్ మోయాల్సిన పని వీటిలో ఏదో ఒక్కదానికే అప్పగించాలి.

చూపించని దెయ్యం

అన్నింటికన్నా చవక ఇదే. పారానార్మల్ యాక్టివిటీ (2007) దర్శకుడు తన సొంత ఇంట్లోనే, వారం రోజుల్లో, దాదాపు 15 వేల డాలర్లతో సినిమా చుట్టేశాడు. ది ఈవిల్ డెడ్ (1981)లో అడవిలోంచి దూసుకొచ్చే దుష్టశక్తి కూడా ఇంతే: కెమెరాని ఒక చెక్కకి బిగించి, చెరో కొస ఇద్దరు పట్టుకుని పరుగెత్తారు. ఆ చెక్క ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది. ఐదారడుగుల టేకు బద్ద, మధ్యలో కెమెరా, వెడల్పుగా చూసే 14 నుంచి 18 ఎంఎం లెన్సు. నేలకి అడుగు ఎత్తులో పట్టుకుని పరుగెత్తితే చూసేవాడికి అది మనిషి చూపులా అనిపించదు. కుదుపులు ఆపే గింబల్ వాడితే మాత్రం చెడుతుంది. కదలిక మరీ నున్నగా వచ్చి రియల్ ఎస్టేట్ వీడియోలా ఉంటుంది.

తలుపులు, గిన్నెలు, ఉయ్యాల కదలాలంటే సన్నటి నైలాన్ దారం చాలు. వెనక నుంచి లైటు పడితే అది వెండి తీగలా మెరుస్తుంది. నల్ల మార్కర్‌తో పొడవునా గీసేస్తే మాయమవుతుంది. ముగ్గుపిండి మీద అడుగులు పడాలంటే కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉండాలి. ఒక్కో అడుగు అచ్చు వేసి, పక్కకి తప్పుకుని, నాలుగు సెకన్లు రికార్డు చేసి, మళ్ళీ ఇంకో అడుగు. ఎడిటింగ్‌లో కలిపితే గదిలో ఎవరూ లేకుండానే అడుగులు నడుచుకుంటూ వస్తాయి. ఫ్యాను ఆపడం మర్చిపోతే పిండి కొట్టుకుపోయి రాత్రంతా పోతుంది.

ఈ దారికున్న ఇబ్బంది పోరాటం దగ్గర బయటపడుతుంది. ఖాళీ గాలితో మనిషి ఎట్లా కొట్లాడతాడు? ఈడ్చుకుపోవడం ఒక్కటే నమ్మేలా వస్తుంది. తాడు చీలమండకి కట్టకండి, మడమ మెలిపడుతుంది. బట్టల కింద నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, ప్యాంటు లోంచి తాడు తీసి, ఇద్దరు లాగాలి. మోకాళ్ళకి, మోచేతులకి ప్యాడ్లు, నేల మీద పాలిష్ టైల్స్. కెమెరా తల వైపు ఉంటే తాడు శరీరం చాటున పడిపోతుంది. ఇలాంటివి సినిమాలో రెండు మూడు చాలు. నలభై నిమిషాలు దాటాక ప్రేక్షకుడు ముఖం చూపించమని అడుగుతాడు, చూపించకపోతే దెయ్యం లేదని తీర్మానించేస్తాడు.

పూనిన మనిషి

చేతిలో ఉన్నది కొద్దిపాటి లక్షలే అయితే మా ఓటు దీనికే. మనకి పూనకం అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బోనాల్లో చూసిన కళ్ళకి తల ఊపు, శ్వాస, గొంతు మారడం అన్నీ ముందే తెలుసు. అందువల్ల ఇక్కడ డబ్బు మేకప్ కన్నా ముందు నటి మీదో నటుడి మీదో పెట్టాలి. అందమైన ముఖం కన్నా నాటకాల్లోనో డ్యాన్సులోనో ఒళ్ళు అదుపులో పెట్టుకోవడం నేర్చినవాళ్ళు దొరికితే సగం గ్రాఫిక్స్ ఖర్చు మిగులుతుంది. నటి వెనక్కి నడుస్తుంటే తీసి, ఎడిటింగ్‌లో తిరగేస్తే ఆ నడక ముందుకి వస్తుంది, కానీ బరువు పడే తీరు తప్పుగా ఉంటుంది. ఒంట్లో ఏదో దూరిందని అదే చెప్పేస్తుంది. తల పూర్తిగా వెనక్కి తిరగాలంటే చొక్కా ముందు భాగం వీపు మీదికి వచ్చేలా తొడిగి, జుట్టు సర్దండి. ఒకటిన్నర సెకను మించి ఉంచకండి.

మేకప్ మూడు మెట్లలో అనుకోండి. మొదటి మెట్టులో కళ్ళ కింద నలుపు, పెదాలు పాలిపోవడం, అంతే. రెండో మెట్టులో కణతల దగ్గర, మెడ మీద నరాలు. దీనికి ఆల్కహాల్ కలిపి పూసే రంగులు కొనండి, చెమటకి చెదరవు. గ్రీజు పెయింటు లైట్ల కింద అరగంటకే కారుతుంది. మూడో మెట్టులో పగిలిన చర్మం. లిక్విడ్ లేటెక్స్ (ద్రవ రబ్బరు) పూసి, టిష్యూ కాగితాన్ని పొరలు విడదీసి ఒకే పొర అతికించి, మళ్ళీ లేటెక్స్ పూసి, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలితో ఆరబెట్టాలి. మూడు పొరలయ్యాక అక్కడక్కడ గిల్లి చింపితే అంచులు లేస్తాయి, ఆ చీలికల్లో ముదురు ఎరుపు నింపండి. కనుబొమ్మల మీద, జుట్టు మొదట్లో ముందుగా వాజలీన్ దట్టించకపోతే తీసేటప్పుడు వెంట్రుకలతో సహా ఊడొస్తుంది. లేటెక్స్‌లో అమ్మోనియా ఉంటుంది, కళ్ళు మండుతాయి, కాబట్టి రెప్పల జోలికి పోకండి. కొందరికి లేటెక్స్ అసలు పడదు. షూటింగ్‌కి రెండు రోజుల ముందే మోచేతి లోపల చుక్క పూసి 24 గంటలు చూడటం తప్పనిసరి.

నల్లటి లెన్సుల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. కన్నంతా కప్పే పెద్ద లెన్సులు నటి కొలతకి కంటి నిపుణులే చూసి ఇవ్వాలి. ఒకరు పెట్టుకున్నవి ఇంకొకరికి పెట్టకూడదు, కుళాయి నీళ్ళతో కడగకూడదు. నీళ్ళలోని సూక్ష్మజీవులు కంటిచూపుకే ఎసరు పెడతాయి. పైగా అవి పెట్టుకున్నాక పక్కచూపు దాదాపు ఉండదు, అదే కళ్ళతో మెట్ల మీద కొట్లాట పెడితే పడిపోతారు. నల్లకళ్ళ షాట్లు మొత్తం సినిమాలో పదిలోపే అయితే లెన్సులు మానేసి గ్రాఫిక్స్‌లో కళ్ళు నలుపు చేయించండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లోనే ఆ పని అవుతుంది. ముఖం స్థిరంగా, జుట్టు కళ్ళ మీద పడకుండా తీస్తే చాలు.

నాలుక నల్లబడాలని నల్ల ఫుడ్ కలర్ పోస్తారు. అది గంటల తరబడి పోదు. ఆ రోజు కాల్‌షీట్‌లో అదే నటికి మామూలు సీను ఉంటే అయిపోయినట్టే. అందుకే మేకప్ మెట్ల వరుసలోనే షూట్ చేయండి, మూడో మెట్టు నుంచి మొదటికి వెనక్కి రాకండి. బట్టలు మూడు జతలు ఒకేలాంటివి కొనండి: శుభ్రంగా ఒకటి, సగం రక్తంతో ఒకటి, అనుకోకుండా చిరిగితే ఒకటి.

మాస్కు, ప్రోస్థటిక్స్

రెడీమేడ్ మాస్కు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నోరు కదలదు, కంటి చుట్టూ సందు కనబడుతుంది. కిటికీ అవతల నీడగా, దోమతెర వెనక, వెనక నుంచి లైటు పడుతుండగా వాడండి. ముందు నుంచి లైటు కొట్టి చూపించారంటే సంక్రాంతికి అమ్మే బొమ్మే.

ముఖానికి అచ్చు తీసి చేసే ప్రోస్థటిక్స్ బాగుంటాయి. మొదటిసారి తీసేవాళ్ళు అందులో రెండు లెక్కలు మర్చిపోతారు. ఒకటి, అతికించిన ముక్క తీసేటప్పుడు పల్చటి అంచులు చిరిగిపోతాయి. రేపటికి పనికిరాదు. దెయ్యం ఎనిమిది రోజులు షూటింగ్‌లో ఉంటే ఎనిమిది సెట్లు పోతపోయాలి, మీద ఒకటో రెండో అదనం. రెండు, పూర్తి ముఖం అతికించి రంగు వేయడానికి మూడు నాలుగు గంటలు, తీయడానికి దాదాపు గంట. పన్నెండు గంటల కాల్‌షీట్‌లో మీకు మిగిలేది ఏడు. భోజనం తీసేస్తే ఆరు.

ఏ పదార్థం అనేది ఊరి వాతావరణం చూసి తేల్చుకోవాలి. జెలటిన్ చవక, వంటింట్లోనే చేసుకోవచ్చు. కానీ వేడికి మెత్తబడి కారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల హైదరాబాద్‌లో, లైట్ల ముందు, దెయ్యం బుగ్గ గడ్డం మీదికి జారుతుంది. డిసెంబరు రాత్రులకైతే భేషుగ్గా పనికొస్తుంది. సిలికాన్ చర్మంలా కదులుతుంది, వేడిని తట్టుకుంటుంది, ఖరీదెక్కువ. అందులో ప్లాటినం రకం కొన్నవాళ్ళు ఒక చోట దెబ్బతింటారు: గంధకం ఉన్న మట్టితో అచ్చు చేసినా, లేటెక్స్ గ్లౌజులు తొడుక్కుని కలిపినా అది గట్టిపడదు. పైన జిగటగా, లోపల పాయసంలా ఉండిపోతుంది. సరుకు చెడిపోయిందని షాపువాడితో గొడవపడే ముందు చేతి గ్లౌజులు చూసుకోండి. నైట్రైల్ గ్లౌజులు, గంధకం లేని మట్టి వాడితే సమస్య ఉండదు.

ఒళ్ళంతా సూటు వేస్తే లోపలి మనిషి గురించి ఆలోచించండి. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి తల భాగం తీసి, ఫ్యాను పెట్టి, ఓఆర్ఎస్ తాగించాలి. ఎండాకాలంలో వద్దే వద్దు.

గ్రాఫిక్స్

దెయ్యం మొత్తాన్ని కంప్యూటర్‌లో పుట్టించి వెలుతురులో నడిపిస్తానంటే చిన్న సినిమాకి అది ఆత్మహత్యే. లెక్క వేయండి: నాలుగు సెకన్ల షాటు అంటే, సెకనుకి 24 చొప్పున, 96 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముని కంప్యూటర్ తయారుచేయడానికి (రెండర్) పది నిమిషాలు పడితే 16 గంటలు. ఒక తప్పు దిద్దితే ఇంకో 16. బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, కుర్రాడి సమయం ఉచితం కాదు. ఏఐతో చేయిస్తామనేవాళ్ళకి కూడా షాటు షాటుకీ కొమ్ము పొడవు, ముఖం మారిపోయి ఒక్క సినిమాలో నాలుగు దెయ్యాలు తయారయ్యే ప్రమాదం ఉంది.

చెరపడానికైతే గ్రాఫిక్స్ బంగారం. మనిషి గాల్లో తేలాలంటే బల్ల మీద పడుకోబెట్టి, దుప్పటి వేలాడదీసి, తర్వాత బల్లని చెరిపేయడమే. దానికి ఖాళీ గది షాటు ఒకటి కావాలి. అది ముందే తీయండి, నటి వచ్చాక ఎవరూ ఖాళీ గది తీయనివ్వరు. కెమెరాలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగు) మూడూ లాక్ చేసి, ట్రైపాడ్ కాళ్ళ దగ్గర నేల మీద టేపు గుర్తులు వేసి, పది సెకన్లు రికార్డు చేయండి. మధ్యలో ఎవడో కర్టెన్ సర్దితే రెండు షాట్లూ కలవవు.

పోరాటానికి ఏం పడుతుంది

మాటల సీన్లు రోజుకి స్క్రిప్టులో నాలుగైదు పేజీలు లాగేయొచ్చు. కొట్లాట ఒక పేజీ దాటదు. ఇరవై నిమిషాల పోరాటం రాసుకుంటే సగం షెడ్యూలు దానికే పోతుంది. ఏడెనిమిది నిమిషాలకి కుదించి, దెయ్యానికి ఒక బలహీనత, మనిషికి ఒకే ఆయుధం పెట్టండి. నిమ్మకాయలు, విభూతి, త్రిశూలం, హనుమాన్ చాలీసా, పెట్రోలు అన్నీ పనిచేస్తే ఏదీ పనిచేయనట్టే.

రక్తానికి బేకరీ సరుకులమ్మే షాపులో లిక్విడ్ గ్లూకోజ్ తెచ్చుకోండి. కిలోకి గ్లాసుడు నీళ్ళు, ఎరుపు ఫుడ్ కలర్, నీలం రెండు మూడు చుక్కలు, చెంచాడు కోకో పొడి. కోకో లేకపోతే రక్తం జెల్లీలా పారదర్శకంగా కనబడుతుంది. నీలం ఎక్కువైతే వంకాయ రంగు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా కలిపితే బట్టల మీద మరక కొంత తేలిగ్గా వదులుతుంది, కానీ అది కలిపిన సీసా నోటి దగ్గరికి వెళ్ళకూడదు. రెండు సీసాలకీ పేర్లు రాసి అతికించండి. తీపి కాబట్టి గంటలో చీమలు పడతాయి, రాత్రికి రాత్రే తుడవాలి.

డబ్బు ఖర్చు లేని గారడీ మన ఇళ్ళలోనే ఉంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళు. ఇత్తడి పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి, కెమెరా పైనుంచి చూస్తుండగా, వేలి కొసన పట్టే సున్నం అందులో కదపండి. వేలు తాకిన చోట మొదలై ఎరుపు పళ్ళెమంతా పాకుతుంది, కట్ లేకుండా. ఆ ఎర్రటి నీళ్ళలోనే నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు రంగుకి తిరుగుతుంది. దెయ్యం వచ్చింది, దెయ్యం వదిలింది, రెండూ ఒకే పళ్ళెంలో, ఒకే షాటులో. పసుపు మరీ చిక్కగా కలిపితే రంగు మారింది తెలియదు. అర లీటరుకి పావు చెంచా చాలు. సున్నం కంట్లో పడకుండా చూసుకోండి, నటుల చేత తాగించకండి.

విభూతి బదులు వంట పిండి చల్లే అలవాటు కొన్ని యూనిట్లలో ఉంది. పక్కనే దీపమో కర్పూరమో ఉంటే గాల్లోని పిండి భగ్గుమంటుంది. మిరపపొడి నిజంది ఎవరూ వాడరనుకుంటాం. వాడతారు. కుంకుమ రంగు రాతి ముగ్గుపిండి వాడండి, అదీ కెమెరాకి దూరంగా, కళ్ళు మూసుకుని ఉండగా. పొగ కోసం సాంబ్రాణి చవకే కానీ తీసిన ప్రతిసారీ పలచబడి షాట్ల మధ్య పొంతన చెడుతుంది, గొంతులు పోతాయి. ఒకే గదిలో రాత్రంతా షూటింగ్ ఉంటే పలచటి పొగ సమానంగా వదిలే హేజ్ మెషీన్ అద్దెకి తెచ్చుకోవడమే మేలు. కోడి, నల్లపిల్లి, గుడ్లగూబ లాంటివి నిజంవి పెట్టాలనుకుంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, గుడ్లగూబకైతే వన్యప్రాణి చట్టం కూడా అడ్డొస్తుంది. శబ్దంతో కానివ్వండి.

ఎక్కడ తీయాలి

మియాపూర్, నిజాంపేట్ అపార్టుమెంట్లు కనబడని దెయ్యానికి సరిపోతాయి. లిఫ్టు, కారిడారు, వాటర్ ట్యాంకు అన్నీ సిద్ధంగా ఉంటాయి. అర్ధరాత్రి కేకలు మాత్రం అక్కడ కుదరవు, పక్క ఫ్లాటువాళ్ళు పోలీసులకి ఫోన్ చేస్తారు. నోరు తెరిచి అరిచినట్టు నటించి, కేక డబ్బింగులో వేయండి. పూనిన మనిషితో కొట్లాట, పగలగొట్టడాలు ఉంటే మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్. అక్కడ జనరేటరు గోడ అవతల, వీలైనంత దూరంలో పెట్టాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా కప్పలు రాత్రంతా అరుస్తాయి, లైట్ల చుట్టూ పురుగులు ముసిరి తడి లేటెక్స్‌కి అంటుకుంటాయి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవి చూడ్డానికి బాగుంటుంది కానీ అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్ళకండి. గోల్కొండ పురావస్తు శాఖది, దానికి అనుమతి వేరే.

ఏ ఇల్లైనా బల్బులు చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేముల్లో తీసేటప్పుడు కెమెరా షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టకపోతే చవక ఎల్ఈడీలు మినుకుమనొచ్చు. అది దెయ్యం పనే అని చెప్పి తప్పించుకోలేరు, అన్ని సీన్లలోనూ మినుకుతుంది. చీకటి కోసం మరీ తక్కువ వెలుతురులో తీయకండి. ఒక స్టాప్ (అంటే రెట్టింపు) ఎక్కువ వెలుతురుతో తీసి, గ్రేడింగులో (తర్వాత రంగులు సరిచేసేటప్పుడు) తగ్గిస్తే నలుపు నల్లగా ఉంటుంది, లేదంటే ఫోన్లో చూసేవాళ్ళకి గళ్ళు గళ్ళుగా పగులుతుంది.

శబ్దం విషయంలో కూడా ఫోన్లో చూసేవాళ్ళని గుర్తుపెట్టుకోండి. థియేటర్లో గుండె అదిరే బొంగురు శబ్దం ఫోన్ స్పీకర్లో అసలు వినబడదు. దాని మీద గోకుడో, ఊపిరో, తలుపు కిర్రుమనడమో ఒకటి కలపండి. ప్రతి గదిలో, అందరూ నోరు మూసుకుని నిలబడి, ఒక నిమిషం ఖాళీ నిశ్శబ్దం రికార్డు చేసుకోండి. ఎడిటింగులో అతుకులు కప్పేది అదే.

ఎవరికి ఏది

ఇద్దరు ముగ్గురు నటులు, ఒక ఫ్లాటు, వారం రోజులు ఉంటే కనబడని దెయ్యం, ఆఖరి పది నిమిషాల్లో పూనకం మొదటి రెండు మెట్లు. మంచి నటి దొరికి, రెండు వారాలుంటే మూడు మెట్లూ పెట్టి ఫామ్‌హౌస్‌కి వెళ్ళండి. ప్రోస్థటిక్స్ అనేది దెయ్యం నాలుగు రోజులకి మించి షూటింగ్‌లో లేనప్పుడు, అదీ చలికాలంలో. కథలో బాణామతి, చేతబడి ఉంటే ఇంకో మాట. తెలంగాణ పల్లెల్లో ఆ అనుమానంతో మనుషుల్ని చంపిన కేసులు నిజంగా ఉన్నాయి. ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలామెని మంత్రగత్తెగా చూపించే కథని మేమైతే వద్దంటాం, దెయ్యాన్ని దెయ్యంగానే ఉంచండి.

రక్తం ఎంత ఉండాలో అమ్ముకునే చోటు చెప్తుంది. 'ఎ' సర్టిఫికెట్ వస్తే టీవీ హక్కులు పోయినట్టే, కట్ చేసి మళ్ళీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. థియేటర్, టీవీ రెండూ కావాలనుకుంటే యుఎ 16+ (పదహారేళ్ళలోపు వాళ్ళకి పెద్దల సలహా కావాలనే సర్టిఫికెట్) దాటకుండా కొట్లాట రాసుకోండి. నేరుగా ఓటీటీకే అయితే సెన్సారు అక్కర్లేదు, వాళ్ళే వయసు రేటింగ్ ఇస్తారు.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక రాత్రి పరీక్ష పెట్టండి. అదే గది, అదే టైము, అదే నటి, మేకప్ మూడో మెట్టు, ముప్పై సెకన్లు. మర్నాడు మధ్యాహ్నం ఆ వీడియోని కథ తెలియని ఇద్దరికి ఫోన్లో చూపించండి, మీరు ఫోను చూడకండి, వాళ్ళ ముఖాలు చూడండి. నవ్వు ఎక్కడ వచ్చిందో ఆ షాటులో లైటు ఒకటి ఆర్పేసి, ఆ రాత్రే మళ్ళీ తీయండి.